మహజరులో లేని మాట

ఆ చలికాలం న్యూజీలాండ్ పార్లమెంటు ముందు రెండు బిల్లులు ఉన్నాయి. ఒకటి, ఒళ్లమ్ముకుని బతికేవాళ్ల పనిని నేరాల జాబితాలోంచి తీసేయడానికి. రెండోది, నయం కాని జబ్బుతో ఉన్నవాళ్లు కోరుకుంటే డాక్టరు సాయంతో ప్రాణం విడవడానికి. అది 2003వ సంవత్సరం. మేం వెల్లింగ్టన్ పక్కనున్న లోవర్ హట్‌కి వచ్చి అప్పటికి మూడేళ్లు. మా ఆవిడకి ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. నేను ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పొద్దుటిపూట ప్రూఫులు చూసేవాణ్ణి.

రెండు బిల్లుల గురించీ ఊరంతా మాట్లాడుకునేది. రైల్లో, పాలూ రొట్టే అమ్మే డెయిరీలో, మంగలి షాపులో, ఎక్కడ విన్నా అదే. విజయవాడలో ఇరవై రెండేళ్లు ఒక దినపత్రిక డెస్కులో కూర్చున్న నాకు అది కొత్త. మా దగ్గర మొదటి విషయం వార్తయ్యేది ఒకే ఒక్క రూపంలో: వ్యభిచార గృహంపై దాడి, ఐదుగురు యువతుల అరెస్టు. పక్కన చున్నీలతో మొహాలు కప్పుకున్న ఫోటో. వచ్చిన మగవాళ్ల పేర్లు ఏనాడూ వేయలేదు. అలాంటి శీర్షికలు నేనే ఎన్నో పెట్టాను. ఎక్కడా చెయ్యి ఆగలేదు. రెండో విషయమైతే మాకు వార్తే కాదు. చావుని అడిగినవాళ్లు మా పత్రికలోకి రావాలంటే ముందు చచ్చిపోవాలి.

మా ఇంటికి రెండు వీధుల అవతల బాపట్ల వైపు నుంచి వచ్చిన ఒక క్రైస్తవ కుటుంబం ఉండేది. భార్య ముసలివాళ్లుండే రెస్ట్‌హోమ్‌లో నర్సు. అంతకుముందు ఈ దేశంలోనే మరో ఊళ్లో ఆసుపత్రి ఎమర్జెన్సీలో రెండేళ్లు చేసింది. భర్త ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వాళ్ల లౌంజ్‌లో తెలుగు ప్రార్థన జరిగేది. పది కుటుంబాలు వచ్చేవి. ఆయనే వాక్యం చెప్పేవాడు. ఆమె పాట ఎత్తుకునేది. మా ఆవిడతో ఒకసారి బస్సులో అందట: "వారమంతా ఇంగ్లీషులో బతుకుతాం ఆంటీ. ఆ రెండు గంటలే నేను నేనుగా ఉండేది. అది లేకపోతే ఈ దేశంలో నాకు ఇల్లుంది గానీ ఊరు లేదు."

ఒక సాయంత్రం భర్త మా ఇంటికి వచ్చాడు. ఆ ప్రాంతంలో ఆఫీసున్న ఒక మహిళా ఎంపీ శనివారం మధ్యాహ్నం ప్రజలతో సమావేశం పెట్టారు. రెండు బిల్లుల మీదా ఎవరికి తోచింది వాళ్లు వచ్చి చెప్పొచ్చు.

"బాబాయ్ గారూ, మీరు పేపరాయన. మా అందరి తరఫునా ఒక మహజరు రాసిపెట్టాలి. కింద సంతకాలు మేం చేస్తాం. ఇంగ్లీషు కాస్త ఘాటుగా ఉండాలి."

"నేను తెలుగు పేపరు వాణ్ణయ్యా."

"మాకంటే నయమేగా. మా ఇంగ్లీషు ఫోర్క్‌లిఫ్ట్ ముందుకీ వెనక్కీ పోవడానికి సరిపోద్ది."

మహజరు అనే మాట విని చాలా రోజులైంది. రోడ్డు కావాలన్నా, తాసిల్దారు వద్దన్నా మా జిల్లాల్లో జనం చేసే మొదటి పని అదే. పదిమంది సంతకాలు పెట్టి పెద్దలకి ఇచ్చే కాగితం. నాకు చేతనైన పని కాబట్టి ఒప్పుకున్నాను. ఆ రెండు విషయాల మీదా నాకంటూ గట్టి అభిప్రాయం లేదు. సంపాదకీయం రాసేవాడు సెలవు పెట్టిన రోజున డెస్కులో ఎవరో ఒకరు రాసినట్టే రాశాను. మొదటి పేజీలో, ఈ చట్టం వస్తే పాపానికి ప్రభుత్వమే తలుపు తీసినట్టని. రెండో పేజీలో, విశ్వాసం పోగొట్టుకున్నవాళ్లే చావుని అడుగుతారని. ఆ రెండో వాక్యం రాశాక కలం పక్కన పెట్టి టీ తాగడం నాకు గుర్తుంది. వాక్యం బాగా కుదిరిందనుకున్నాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక కాగితం చేతులు మారింది. అందరికంటే ముందు టీచరమ్మ గారు చదివారు. ఆవిడ మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. డెబ్బై దాటాయి. భర్త లేడు. కూతురి దగ్గర ఉంటున్నారు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఎర్ర పెన్ను తీశారు.

"కామాలు పచ్చిమిరపకాయలు వేసినట్టు వేశారేం? పంటి కింద పడతన్నాయి."

"తీసెయ్యండి టీచరమ్మ గారూ."

"తీశాను. ఈ విశ్వాసం మాట బాగుంది. ఇది ఉండాలి." మొదటి సంతకం ఆవిడదే. కాగితం అందర్నీ చుట్టి వచ్చేసరికి నలభై ఒక్క సంతకాలయ్యాయి.

సమావేశంలో ఎవరు చదవాలన్న మాట వచ్చింది. నర్సు చదివితే బరువుంటుందని అందరూ అన్నారు. ఆమె కాదనలేదు. అందరూ వెళ్లాక కాగితం రెండుసార్లు చదివింది.

"బాబాయ్ గారూ, ఇది మీరు నమ్మే రాశారా?"

"రాయమన్నారు, రాశానమ్మా."

"నేనైతే నమ్మి చదవాలిగా," అని పళ్లేలు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

శనివారం, అక్కడ చలిని మోసుకొచ్చే దక్షిణపు గాలి ఎముకల్లోకి దిగుతోంది. కమ్యూనిటీ హాల్లో చెక్క నేల, గోడకి రెండు హీటర్లు, ఓ మూల బల్ల మీద వేడినీళ్ల పాత్ర. వచ్చినవాళ్లు తలా ఒక పళ్లెంలో ఏదో ఒకటి తెచ్చి ఆ బల్ల మీద పెట్టారు. మావాళ్లు పులిహోర తెచ్చారు. అరవై మంది దాకా ఉంటారు. ఎంపీ వేదిక ఎక్కలేదు. మిగతావాళ్లలాగే మడత కుర్చీలో కూర్చుని, మోకాలి మీద నోటుబుక్కు పెట్టుకున్నారు.

"ఈ రెండు బిల్లుల మీదా ఎలా ఓటెయ్యాలో మా పార్టీ మాకు చెప్పదు," అన్నారావిడ. "ఇలాంటి విషయాల్లో ఎవరి అంతరాత్మ ప్రకారం వాళ్లు వేస్తాం. నాదేమంటోందో నాకింకా తెలియలేదు. అందుకే వచ్చాను."

అంతరాత్మ ప్రబోధం అనే మాట నేను పేపర్లో చాలాసార్లు దిద్దాను. అది మాకు పార్టీ మారేవాడు ముందురోజు ఇచ్చే ప్రకటనలో వచ్చే మాట. అసెంబ్లీ సమావేశాలప్పుడు మా విలేఖరి ఫోన్ చేసేలోపే ఎవరి ఓటు ఎటో రాసిపెట్టుకునేవాళ్లం. ఎప్పుడూ తప్పు పోలేదు. అధికారంలో ఉన్న మనిషి అరవై మంది ముందు కూర్చుని 'నాకు తెలియదు' అనడం నేను వినడం అదే మొదటిసారి. అది బలహీనతేమోనని చుట్టూ చూశాను. ఎవరి మొహంలోనూ వెటకారం లేదు.

ముందు వరసలోంచి ఒకావిడ లేచింది. ఊలు టోపీ, స్కూలు పిల్లల టిఫిన్లు సర్దుకుని వచ్చిన తల్లిలా ఉంది. ఒళ్లమ్ముకునే పని తాను పద్నాలుగేళ్లు చేశానని మామూలు గొంతుతో మొదలుపెట్టింది. వెనక ఎవరో "సిగ్గుండాలి" అన్నారు. సభ నడుపుతున్న పెద్దాయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఆవిడ మాట అయ్యాక మీ వంతు వస్తుంది. అప్పుడు లేచి నిలబడి చెప్పండి." ఆ మనిషి వంతు వచ్చింది. చెవులు ఎర్రబడి ఉన్నాయి. లేచి, తన ఇద్దరు కూతుళ్ల గురించీ, తన భయం గురించీ మర్యాదగానే చెప్పి కూర్చున్నాడు. టోపీ ఆవిడ అతని వైపు పూర్తిగా తిరిగి విన్నది.

తర్వాత ఒక ముసలాయన భార్య ఆఖరి మూడు వారాల గురించి మొదలుపెట్టి, వాక్యం మధ్యలో ఆగిపోయి, కూర్చున్నాడు. రెండో బిల్లుకి వ్యతిరేకంగా అంతకు ముందే గట్టిగా మాట్లాడిన పాస్టరు లేచి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆయనకిచ్చాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ కేకలు వేయలేదు. ఒంటి గురించీ, చావు గురించీ మనుషులు ఇంత తగ్గు గొంతులతో, ఇంత తిన్నగా మాట్లాడుకోగలరని నాకు అప్పటిదాకా తెలియదు. గుళ్లో నిలబడ్డప్పుడు కూడా నాకు చేతులు కట్టుకోవాలని అంతగా అనిపించలేదు.

మావాళ్ల వంతు వచ్చింది. నర్సు ముందుకు వెళ్లి, తాను నర్సునని చెప్పి, కాగితం ఎంపీకి ఇచ్చింది. ఒక నకలు తన చేతిలో ఉంచుకుంది. ఎంపీ రెండు పేజీలూ తిప్పి, సంతకాలన్నీ చూసి తల ఎత్తారు.

"చాలా బాగా రాశారు. నాకిలాంటివి సంచుల కొద్దీ వస్తాయి. ఎన్ని సంతకాలున్నా మా ఆఫీసులో ఇది ఒక ఉత్తరమే." కాగితాన్ని నోటుబుక్కులో పెట్టుకున్నారు. "ఇది నేను ఇంటికెళ్లి చదువుతాను. మీరు నర్సునన్నారు కదా. మీరేమనుకుంటున్నారో చెప్పండి."

మాలో ఎవరూ ఊహించని ప్రశ్న అది. ఎక్కువ మంది చేవ్రాలు చేస్తే ఎక్కువ బరువని మేం నలభై ఒక్క మందిమీ అనుకున్నాం. మా కాగితం ఆవిడకి అవసరమే లేదు. కాగితం వెనక ఉన్న మనిషి కావాలి.

నర్సు మా వరస వైపు చూసింది. భర్త, టీచరమ్మ గారు, నేను వరసగా కూర్చున్నాం. భర్త చెయ్యి కొద్దిగా ఊపాడు, చదువు అన్నట్టు. ఆమె చేతిలోని నకలుని నాలుగు మడతలు పెట్టింది.

"నేను క్రైస్తవురాలిని," అంది. ఇంగ్లీషు మెల్లగా, ఒక్కో మాటా పట్టుకుని వస్తోంది. "ఆ పని పాపమని నేను నమ్ముతాను. ఇప్పటికీ. కానీ ఒకటి చెప్పాలి. నేను ఎమర్జెన్సీలో ఉన్నప్పుడు ఒకమ్మాయి వచ్చింది. దవడ విరిగింది. మెట్ల మీంచి పడ్డానంది. అవి మెట్లు కాదని మాకు తెలుస్తుంది. ఎవరు కొట్టారని అడిగాను. ఎక్కడ కొట్టారో చెబితే పోలీసులు ముందు నా పేరే రాసుకుంటారు అంది. ఆమె పనేమిటో నాకు అర్థమైంది. అప్పుడు నేను వెళ్లి ఇంకో జత గ్లవ్స్ వేసుకొచ్చాను. ఒకదాని మీద ఒకటి. అందరికీ ఒక జతే వేసుకుంటాను. ఆమె చూసింది. నేను కట్టు కట్టినంతసేపూ నా చేతుల వంకే చూసింది."

మడతపెట్టిన నకలుని ఆమె కోటు జేబులో పెట్టుకుంది.

"ఆ రోజు ఆ గదిలో పాపం చేసింది నేను. చట్టాల సంగతి నాకు తెలియదు. కొట్టినవాడి పేరు ఆ అమ్మాయి పోలీసులకి భయం లేకుండా చెప్పగలిగితే, ఆ చట్టం ఉండాలి. రెండో బిల్లు వద్దని అడుగుతున్నాను. ప్రాణం ఇచ్చింది దేవుడు, మా చేతులతో తియ్యడం నాకు ఇష్టం లేదు. కానీ మా కాగితంలో ఒక వాక్యం ఉంది, విశ్వాసం పోగొట్టుకున్నవాళ్లే చావుని అడుగుతారని. అది తీసెయ్యండి. మా రెస్ట్‌హోమ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు. జీవితమంతా చర్చిలో పాడినాయన. రోజూ పొద్దున్నే నన్ను అడుగుతాడు, టీ అడిగినట్టు మర్యాదగా. నేను ఇవ్వలేనని చెబుతాను. సరేనంటాడు. తర్వాత ఇద్దరం కలిసి ప్రార్థన చేసుకుంటాం. ఆయనకి విశ్వాసం లేదని నేను చెప్పలేను."

"ఆ అమ్మాయి మళ్లీ వచ్చిందా?" అని అడిగారు ఎంపీ.

"రాలేదండి. అక్కడ ఉన్నన్నాళ్లూ తలుపు తెరుచుకున్నప్పుడల్లా చూశాను."

ఎంపీ ఏదో రాసుకున్నారు.

నా వాక్యాలని ఎడిటర్లు కొట్టేశారు, లాయర్లు కొట్టేశారు. అరవై మంది ముందు, అంత మర్యాదగా, అంత న్యాయంగా ఎవరూ కొట్టేయలేదు. నాకు కోపం రాలేదు. ఆమె ఆ నాలుగు మాటలకి ఏం చెల్లించబోతోందో మా వరసలో కూర్చున్న మొహాలు చూస్తేనే తెలుస్తోంది. అది ఆమెకీ తెలుసు. తెలిసి చెప్పింది.

మావాళ్లెవరూ టీ తాగలేదు. వ్యాన్‌లో టీచరమ్మ గారు ముందు సీట్లో నిటారుగా కూర్చున్నారు.

"మా చేత సంతకాలు పెట్టించి నీ మాట చెప్పొచ్చావు."

"నన్నే అడిగారు టీచరమ్మ గారూ."

"అడిగితే? అప్పజెప్పిన పాఠం చదవాలి. నలభై మంది పరువు."

పెట్రోల్ బంకు దాటాక భర్త నోరు తెరిచాడు. "ఇంట్లో ఒక్క మాట చెప్పొచ్చుగా నాకు."

"ఇంట్లో ఎవరడిగారు?" అందామె.

అది అక్కడితో సర్దుకునేదేమో. కానీ మొదటి బిల్లు ఒకే ఒక్క ఓటు తేడాతో గెలిచింది. మా సమావేశానికి వచ్చిన ఎంపీ దానికి అవునన్నారు. మర్నాడు నర్సు ఇంటికి ఫోన్లు మొదలయ్యాయి. "ఒక్క ఓటంట బ్రదర్. ఆ ఒక్కటీ మీ ఇంట్లోంచే పోయింది," అన్నాడట ఒకాయన. పార్లమెంటులో అవునన్న ప్రతి ఓటూ ఆ ఒక్క ఓటే కదా అని నేను అన్నాను. నా లెక్క ఎవరికీ పట్టలేదు. మరికొన్ని వారాలకి రెండో బిల్లు కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. దానికి కూడా ఆ ఎంపీ అవుననే ఓటేశారు. నర్సు కోరింది అది కాదు. ఎందుకలా వేశారో చెబుతూ చేత్తో రాసిన ఉత్తరం ఆమెకి వచ్చింది. 'మీతో ఏకీభవించలేకపోయాను, కానీ మీరు చెప్పింది విన్నాకే ఆ నిర్ణయానికి వచ్చాను' అని ఉంది అందులో. ఆమె దాన్ని నాకు చూపించింది. "చూడండి బాబాయ్ గారూ, నేను అడిగిన రెండోది చెయ్యలేదు. అయినా ఉత్తరం రాసింది," అంది. ఆ గొంతులో ఫిర్యాదు లేదు, ఆశ్చర్యం ఉంది. నాకూ అంతే.

ప్రార్థన పక్క ఊరు పోరిరువాలో ఇంకొకరి ఇంటికి మారిపోయింది. రావద్దని ఎవరూ అనలేదు. భర్త రెండు వారాలు ఒక్కడే వెళ్లాడు. "కుర్చీ వేశారు బాబాయ్ గారూ. పాటల పుస్తకం ఇవ్వలేదు," అన్నాడు. మూడో వారం వెళ్లలేదు. ఆదివారం మూడింటికి తమ లౌంజ్‌లోనే ఆయన వాక్యం చెబుతుంటే, ఎదురుగా భార్య, ఇద్దరు పిల్లలు మాత్రం కూర్చునేవాళ్లు. ఆయన ఆమెని ఏమీ అనలేదు. ఆమె పక్షాన నిలబడ్డానని కూడా అనలేదు. కొన్నాళ్లకి ఆమె షిఫ్టులు మార్చుకుని ఆదివారాలు పనికి వెళ్లడం మొదలుపెట్టింది. బస్సులో మా ఆవిడతో మాటలు తగ్గాయి. "ఇండియా వెళ్లిపోదామా అంటున్నాను ఆంటీ" అందట ఒకరోజు.

సెప్టెంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం మా చెట్టు నిమ్మకాయలు ఇద్దామని వాళ్లింటికి వెళ్లాను. ఆమె ఒక్కతే ఉంది. నేను కూర్చున్న కాసేపటికి తలుపు దగ్గర టీచరమ్మ గారు. బస్సెక్కి ఒంటరిగా వచ్చారు. మనిషి తగ్గారు. కళ్లలో పసుపు. నేను లేవబోయాను.

"కూర్చోండి పేపరాయన గారూ. రాసింది మీరేగా, వినండి."

నర్సు మంచినీళ్లు తెచ్చింది. వందనాలు అంది. టీచరమ్మ గారు గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగకుండా కూర్చున్నారు.

"కాలేయమంట," అన్నారు చివరికి. "ఎక్కువ రోజులు లేవన్నారు. మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు. నొప్పి వస్తే రెండు నిమిషాలు దేవుడి పేరు కూడా గుర్తు రావట్లా. రేపు అది ఇంకా ఎక్కువైనప్పుడు నేను అడుగుతానేమోనని భయంగా ఉందే. ఆ బిల్లులో ఉందే, అది. అడగకూడదని సంతకం పెట్టిందాన్ని నేనే. అక్కడ ఎవరికి చెప్పుకోను? నాకు విశ్వాసం పోయిందంటారు."

నేను తల వంచుకున్నాను.

"పోరిరువాలో పాతిక మంది ఉన్నారు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు నీ ఇల్లే కనపడింది."

నర్సు కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అడగండి టీచరమ్మ గారూ. ఎన్నిసార్లు అనిపిస్తే అన్నిసార్లు అడగండి. నేను ఇవ్వలేను. కానీ వింటాను. ఎవరికీ చెప్పను. నొప్పికి మందులున్నాయి, వాటి గురించి రేపు మీ డాక్టరుతో మాట్లాడదాం."

"ఆదివారం డ్యూటీకి పోతున్నావంట?"

"పోతున్నానండి."

"మానెయ్. మూడింటికి నేనిక్కడికే వస్తా. మా అమ్మాయిని దించమంటాను. వచ్చేవాళ్లు వస్తారు, రానివాళ్లు రారు. పాట ఎవరు ఎత్తుతారు నువ్వు లేకపోతే? మీ ఆయన గొంతు నేను భరించలేను."

నర్సు నవ్వింది. కొన్ని నెలలుగా ఆ నవ్వు నేను చూడలేదు. తర్వాత నేల మీద కూర్చుని టీచరమ్మ గారి మేజోళ్లు తీసి, పాదాలు తన ఒళ్లో పెట్టుకుంది. వాచి ఉన్నాయి. ఎప్పటినుంచి, అన్నం తింటున్నారా, నిద్ర పడుతోందా అని ఒక్కొక్కటీ అడుగుతూ, చీలమండ దగ్గర ఉత్త చేతి బొటనవేలితో మెల్లగా నొక్కి తీసింది. అక్కడ చిన్న గుంట పడింది. అది నిండేదాకా ముగ్గురం దాని వంకే చూస్తూ కూర్చున్నాం.